మాట తెగని వేగం

పోయిన ఆదివారం రైడ్ సగంలో ఉండగా ఒక మిత్రుడు అన్న మాట వారం రోజులుగా నన్ను వదలడం లేదు. వెనక ఇద్దరు ఏదో చెప్పుకుంటూ గుంపుకు కాస్త ఎడమయ్యారు. ముందుండి లాగుతున్న ఆయన భుజం మీదుగా వెనక్కి చూసి, "మాట్లాడుకోవడానికైతే ఇంట్లోనే కూర్చోవచ్చు కదా, సైకిల్ ఎక్కింది తొక్కడానికి" అన్నాడు. కోపంగా అనలేదు, ఎవరినీ చిన్నబుచ్చాలనీ అనలేదు. అందరికీ తెలిసిన సంగతిని గుర్తుచేస్తున్నట్టు అన్నాడు. ఆ ఇద్దరూ మాట ఆపి, ఎడం పూడ్చుకుని, వరుసలో కలిశారు. తర్వాతి అరగంట చక్రాల చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు.

నాకు బదులు చెప్పాలనిపించింది. కానీ ఆ వేగంలో మూడు మాటలకు మించి ఊపిరి అందేలా లేదు. ఇంటికి వచ్చి చైను తుడుస్తూ కూర్చున్నప్పుడు, నేను చెప్పాలనుకున్నదంతా ఆ ఊపిరి అందకపోవడంలోనే ఉందని తోచింది.

నా అభిప్రాయం ఇది. నలుగురు కలిసి వెళ్లే రైడ్‌కు వేగాన్ని చివరి మనిషి ఊపిరి నిర్ణయించాలి. ఆ మనిషి ఒక పూర్తి వాక్యాన్ని మధ్యలో తెగకుండా చెప్పగలిగినంత వేగంలోనే గుంపు సాగాలి. పందేలకు సిద్ధపడే రోజుల సంగతి వేరు, దాని దగ్గరికి తర్వాత వస్తాను. మామూలు ఆదివారపు రైడ్‌లో మాట తెగిపోయిందంటే, ఒకే దారిలో ఒకే సమయానికి ఎవరికి వారుగా వెళ్తున్నట్టే లెక్క.

టైర్ల నుంచి మొదలై

మనం ఏం మాట్లాడుకుంటామో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ముందు టైర్లు. 23 మిల్లీమీటర్ల టైరులో రాయిలా గట్టిపడేదాకా గాలి కొట్టడమే వేగమని ఏళ్ల తరబడి నమ్మినవాళ్లం. ఇప్పుడు 28, 30, 32 దగ్గర వాదించుకుంటున్నాం. గరుకు రోడ్డు మీద గట్టి టైరు మనిషినంతా కుదిపి శక్తిని వృథా చేస్తుంది, కాస్త మెత్తగా ఉన్న టైరు ఆ కుదుపును తనలోనే ఇముడ్చుకుంటుంది అని ఒకరు చెబుతారు. మరొకరు ఒప్పుకోరు. తర్వాత చైనుకు నూనె మేలా, మైనం మేలా. ఆ తర్వాత పందేల బైకు బరువు 6.8 కిలోలకు తగ్గకూడదన్న అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య (యూసీఐ) నిబంధన ఇంకా ఎందుకు ఉంచారు అన్న చర్చ. ఇది ఎప్పటికీ తేలదు.

ఒక్క గంటలో ఎంత దూరం తొక్కగలరన్న గంట రికార్డు మాట వచ్చిందంటే ఇక పది కిలోమీటర్లు ఇట్టే గడిచిపోతాయి. 1972లో మెక్సికో సిటీలో ఎడీ మెర్క్స్ గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కాడు. 2022లో ఫిలిప్పో గన్నా 56.792 తొక్కాడు. మధ్యనున్న ఏడు కిలోమీటర్ల పైచిలుకులో మనిషి వాటా ఎంత, బైకు వాటా ఎంత, ఒంటికి అతుక్కున్న దుస్తులది ఎంత? మా గుంపులో ఒకాయన ప్రతిసారీ బోర్డ్‌మన్ ఉదాహరణ తీస్తాడు. 2000లో క్రిస్ బోర్డ్‌మన్ మెర్క్స్ నాటి తరహా బైకు మీద, వంపు హ్యాండిల్‌తో ప్రయత్నిస్తే వచ్చింది 49.441. ఇరవై ఎనిమిదేళ్ల తేడాకు పది మీటర్లు! ఆ సంఖ్య ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో, విన్న ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇవి పనికిరాని కబుర్లని అనేవాళ్లున్నారు. నాకు అలా అనిపించదు. టైరు గాలి గురించి పావుగంట మాట్లాడుకున్న ఇద్దరి మధ్య ఒక తోవ పడుతుంది. ఆ తోవలోనే తర్వాత నిద్ర పట్టని రాత్రులు, పిల్లల చదువులు, అమ్మ మోకాలి ఆపరేషన్ వస్తాయి. పక్కపక్కన తొక్కేటప్పుడు ఇద్దరి చూపూ రోడ్డు మీదే ఉంటుంది, ఎదుటివాళ్ల కళ్లలోకి చూడాల్సిన పని లేదు. మధ్యలో మౌనం వచ్చినా ఎబ్బెట్టుగా ఉండదు. చెప్పడం కష్టమైన చోట ఎత్తు వచ్చిందనో, గుంత వచ్చిందనో ఆగవచ్చు. ఎదురెదురుగా కూర్చుని చెప్పలేని విషయాలను మనుషులు సైకిల్ మీద చెప్పగలగడానికి కారణం ఇదేనని నా నమ్మకం.

ఎనిమిది నెలల పాటు ఒకాయన చక్రం వెనకే నా చక్రం పెట్టి తొక్కాను. ఆయన వెనక చక్రం గేర్ల క్యాసెట్‌లో పెద్ద పళ్లచక్రానికి 30 పళ్లని తెలుసు. అలిసిపోతే ఎడమ మోకాలు కాస్త బయటికి పోతుందని తెలుసు. తడి రోడ్డు మీద ఆయన వెనక బ్రేకు ఏ శ్రుతిలో కీచుమంటుందో కూడా తెలుసు. ఒక ఆదివారం ఎదురుగాలి విపరీతంగా ఉండి, ఎంత తొక్కినా వేగం రాక, అందరం జతలు జతలుగా నెమ్మదిగా సాగాం. అప్పుడు ఆయన నా పక్కకు వచ్చాడు. పెడళ్ల ఇరుసు దగ్గర ఏదో టిక్కు టిక్కుమంటోంది అన్నాను. "బేరింగు పోయింది, మార్చాలి. కానీ ఈ నెల కాదు" అన్నాడు. కాసేపటికి అదే గొంతుతో, "నాలుగు నెలలుగా ఉద్యోగం లేదు" అన్నాడు.

నాలుగు నెలలంటే పదహారు పదిహేడు ఆదివారాలు. అన్ని ఆదివారాలూ ఆయనకు అర మీటరు దూరంలోనే ఉన్నాను. ఎదురుగాలి వీచి ఉండకపోతే ఆ రోజూ తెలిసేది కాదు. ఆ ఆలోచన ఇప్పటికీ నన్ను కుదురుగా ఉండనివ్వదు.

పదమూడు నిమిషాలు

వేగం తగ్గితే ఎంత పోతుందో లెక్క వేశాను. మా ఆదివారపు రైడ్ దాదాపు 60 కిలోమీటర్లు. గంటకు 30 చొప్పున తొక్కితే రెండు గంటలు పడుతుంది. 27 చొప్పున తొక్కితే రెండు గంటల పదమూడు నిమిషాలు. తేడా పదమూడు నిమిషాలే.

ఒంటికి మాత్రం ఆ తేడా చాలా పెద్దది. చదునైన రోడ్డు మీద ఆ వేగాల్లో మన కష్టంలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే పోతుంది. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది, దాన్ని దాటడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. 30 నుంచి 27కు తగ్గితే వేగంలో పోయేది పదో వంతే, గాలికి పెట్టే శక్తిలో ఆదా అయ్యేది నాలుగో వంతుకు పైగా. ముందున్న బలమైన మనిషికి ఈ మిగులు పెద్దగా పట్టకపోవచ్చు. చివర్లో వేలాడుతున్న మనిషికి మాత్రం వాక్యం పూర్తి చేయగలగడానికీ, చేయలేకపోవడానికీ మధ్య తేడా అదే.

వెనకవాళ్లకు ముందువాళ్ల చాటు ఉంటుంది కదా అని అడగవచ్చు. ఉంటుంది. ఒకరి వెనక ఒకరు దగ్గరగా తొక్కితే గాలి భారం బాగా తగ్గుతుంది. పందేల్లో అయితే ఆ చాటు ఊహకందనంత పెద్దది. 121 మంది రైడర్ల పెలోటాన్ (పందెంలో కలిసి సాగే పెద్ద గుంపు) మీద బెర్ట్ బ్లోకెన్ బృందం 2018లో ప్రచురించిన అధ్యయనంలో, గుంపు నడుమ, వెనక ఉన్నవాళ్ల మీద గాలి నిరోధం ఒంటరి రైడర్ మీద పడేదాంట్లో 5 నుంచి 10 శాతానికి పడిపోతుందని తేలింది. కానీ మనం ఎనిమిది పది మందిమి. పైగా ఎత్తు ఎక్కేటప్పుడు వేగం తగ్గి ఆ చాటు దాదాపు మాయమవుతుంది, ఎవరి బరువు వారే మోసుకోవాలి. గుంపులు ఎప్పుడూ ఎత్తుల మీదే విడిపోతాయి, మాటలూ అక్కడే తెగుతాయి.

శిక్షణ కోణంలోనూ మాట చెడ్డ కొలత కాదు. పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే ఒళ్లు తేలికపాటి శ్రమలో ఉన్నట్టు, రెండు మూడు మాటలకే ఊపిరి తీసుకోవాల్సి వస్తే ఆ గీత దాటినట్టు అని వ్యాయామ శాస్త్రం తెలిసినవాళ్లు చాలాకాలంగా వాడుతున్న పరీక్ష ఇది. తొక్కే శక్తిని కొలిచే పవర్ మీటర్ అక్కర్లేదు, గుండె వేగం కొలిచే ఛాతీ పట్టీ అక్కర్లేదు. నార్వేలో పనిచేసే పరిశోధకుడు స్టీఫెన్ సైలర్ మేటి క్రీడాకారుల శిక్షణను పరిశీలించి, వాళ్ల సెషన్లలో సుమారు 80 శాతం తేలికపాటి తీవ్రతలోనే సాగుతాయని చూపించాడు. మనలో చాలామంది దీన్ని తలకిందులు చేస్తాం. ప్రతి ఆదివారమూ కాస్త ఎక్కువే తొక్కుతాం, నిజంగా గట్టిగా తొక్కాల్సిన రోజు కాళ్లలో ఏమీ మిగలదు.

1921లో విడిపోయినవాళ్లు

నా వాదనకు బలమైన సాక్ష్యం సైకిల్ చరిత్రలోనే ఉందని మొదట సంబరపడ్డాను. దూరపు రైడ్‌లలో గుంపంతా ఒకే వేగంలో కలిసి సాగే ఆడాక్స్ పద్ధతి అది. టూర్ డి ఫ్రాన్స్‌ను మొదలుపెట్టిన ఆన్రి డిగ్రాంజే 1904లో ఫ్రాన్స్‌లో ఈ పద్ధతికి పునాది వేశాడు. మనుషులను ఒకరితో ఒకరిని పోటీ పెట్టి నలిపేసే పందేన్ని నడిపిన మనిషే, అందరూ కలిసి వెళ్లి కలిసి చేరే రైడ్‌నూ నిలబెట్టాడంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. రోడ్ కెప్టెన్ ముందుండి నడిపిస్తాడు, ఎవరూ ఆయన్ని దాటకూడదు. అక్కడ గుంపు కట్టుబడే వేగం గంటకు 22.5 కిలోమీటర్లు. 

తర్వాత ఇంకాస్త చదివితే సంబరం తగ్గింది. 1921లో అక్కడా చీలిక వచ్చింది. ఆడాక్స్ క్లబ్ పారిసియెన్ స్వేచ్ఛా వేగం పద్ధతిని తెచ్చింది. ఎవరి వేగంలో వారు వెళ్లవచ్చు, దారిలో సమయం నమోదు చేసే కంట్రోల్ పాయింట్లను నిర్ణీత సమయంలోగా దాటితే చాలు. ఇవాళ ప్రపంచమంతా తొక్కుతున్న 200, 300, 400, 600 కిలోమీటర్ల బ్రెవేలు, అంటే గడువులోగా ముగించాల్సిన దూరపు రైడ్‌లు, దాదాపు అన్నీ ఈ రెండో పద్ధతివే. కట్టుబాటు వేగం ఓడింది, స్వేచ్ఛా వేగం గెలిచింది అనే చెప్పాలి. కలిసి ఒకే వేగంలో వెళ్లమంటే మనుషులకు నచ్చదా? నేను కోరుతున్నది వందేళ్ల కిందటే జనం వద్దనుకున్నదా? ఈ అనుమానం నన్ను రెండు రోజులు ఆపేసింది.

కానీ స్వేచ్ఛా వేగం బ్రెవేల లెక్కలు చూడండి. 200 కిలోమీటర్లకు గడువు పదమూడున్నర గంటలు. పారిస్ నుంచి బ్రెస్ట్ వెళ్లి తిరిగొచ్చే పారిస్-బ్రెస్ట్-పారిస్ 1200 కిలోమీటర్లకు గరిష్ఠ గడువు 90 గంటలు, అంటే ఆగిన సమయాలతో కలిపి గంటకు సగటున 13.3 కిలోమీటర్లు. మన క్రీడలో అతి కఠినమైన పరీక్షల్లో ఒకటి అడిగే వేగం అంతే. అంతేకాదు, 200 కిలోమీటర్ల బ్రెవేలో చివరి కంట్రోల్ గంటకు 34 కిలోమీటర్ల లెక్కన తెరుచుకుంటుంది, అంతకన్నా ముందే వచ్చినవాళ్లు అక్కడ నిలబడి ఎదురుచూడాల్సిందే. అతివేగానికి ఆ కాగితం మీద విలువే లేదు. ఇలాంటి రైడ్‌లలో అర్ధరాత్రి దాటాక ఏం జరుగుతుందో తొక్కినవాళ్లందరికీ తెలుసు. ముక్కూ మొహం తెలియనివాళ్లు దీపం వెలుగు చూసి దగ్గరికి చేరతారు. కళ్లు మూతలు పడకుండా ఒకరినొకరు మాటలతో మేలుకొలుపుకుంటారు. స్వేచ్ఛ ఇచ్చినా మనుషులు మాట దొరికే వేగం దగ్గరికే వచ్చి చేరారు. నేను విన్న అతి మంచి సైకిల్ కబుర్లు తెల్లవారుజామున మూడింటికి విన్నవే.

చీలిక నుంచి నేను నేర్చుకున్నది మరొకటి. వాళ్లు రెండు పద్ధతులకూ వేరువేరు పేర్లు పెట్టుకున్నారు. మనం పెట్టుకోం. స్వేచ్ఛా వేగంలో తొక్కుతూ "అందరం కలిసి" అని పిలుస్తాం. కొత్తగా వచ్చిన మనిషి ఆ పిలుపు నమ్మి వస్తాడు.

నాకు ఎదురు నిలిచే మాటలు

పందేల్లో మాటలేమిటి అంటారు కొందరు. పెలోటాన్‌ను శ్రద్ధగా చూసినవాళ్లు ఆ మాట అనరు. ముందుకు పోవాల్సిన చిన్న గుంపు పోయాక వెనక పెద్ద గుంపు ఊపిరి పీల్చుకుంటుంది. ప్రత్యర్థులు పక్కపక్కన చేరి కబుర్లు చెప్పుకుంటారు. టూర్ చివరి రోజు పారిస్ చేరేదాకా నవ్వుతూ ఫొటోలు దిగుతూ రావడం చాలా ఏళ్ల ఆనవాయితీ. 1989లాంటి ఏడాదీ ఉంది. ఆ చివరి రోజు 24.5 కిలోమీటర్ల, ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే టైమ్ ట్రయల్‌లో గ్రెగ్ లెమాండ్ 50 సెకన్ల వెనుకబాటును పూడ్చి, లోరాన్ ఫిన్యోన్ మీద 8 సెకన్ల తేడాతో టూర్ గెలిచాడు. ఆ రోజు మాటలకు చోటు లేదు, ఉండకూడదు కూడా. అలాగే 1995 టూర్‌లో కొండ దిగుతూ పడి ఫాబియో కాసర్తెల్లి చనిపోయిన మర్నాడు పెలోటాన్ మొత్తం పోటీ మానేసి రోజంతా నెమ్మదిగా కలిసి తొక్కింది. చివర్లో ఆయన జట్టువాళ్లను ముందుకు పంపి మిగతావాళ్లు వెనక ఆగారు. వేగమే బతుకైన మనుషులు, ఆ వేగాన్ని ఎప్పుడు పక్కన పెట్టాలో తెలిసినవాళ్లు.

గట్టిగా తొక్కాలన్న కోరికను నేను తక్కువ చేయడం లేదు. వారం మధ్యలో ఒక పూట ఒంటరిగా వెళ్లి, కళ్లు చీకట్లు కమ్మేదాకా తొక్కుతాను. అందులో ఉన్న ఆనందం వేరు. ఇద్దరు సమఉజ్జీలు ముందే అనుకుని ఒకరినొకరు పరీక్షించుకున్నా మంచిదే. వచ్చినవాళ్లందరికీ ఏం జరగబోతోందో తెలిసి ఉండాలి, అంతే.

మాటల్లో పడితే ప్రమాదం కదా అన్నది న్యాయమైన అభ్యంతరం. ఇరుకు రోడ్డు మీద, వాహనాలు ఎక్కువున్న చోట పక్కపక్కన తొక్కకూడదు, మాట ఆపి వరుసలోకి రావాలి. అయితే ఊపిరి అందని గుంపు అంతకన్నా ప్రమాదకరం. "గుంత", "ఆగుతున్నాం", "వెనక బండి" అన్న కేకలు ముందు నుంచి చివరిదాకా ఒకరి నుంచి ఒకరికి అందాలి. పళ్లు బిగబట్టి ముందు చక్రాన్నే చూస్తున్న మనిషి ఆ కేకను వెనక్కి అందించడు. ఒకసారి మా వరుసలో మూడో మనిషి దగ్గర "గుంత" అన్న మాట ఆగిపోయింది, ఐదో మనిషి అందులో పడ్డాడు. మణికట్టు విరిగింది.

నన్ను నిజంగా ఇరుకున పెట్టింది ఇంకో అభ్యంతరం. మా గుంపులో ఒక మిత్రురాలు చెప్పింది. "మీరందరూ నాకోసం నెమ్మదిస్తున్నారని తెలిస్తే నాకు ఇంకా బాధ. వెనకపడి ఒంటరిగా రావడమే నయం" అంది. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. దయతో నెమ్మదించడం అవతలివాళ్లకు భారమే. ఎదురుచూడటంలోనూ మనం చేసే పొరపాటు ఒకటుంది. ఎత్తు పైన ఆగుతాం. ముందు చేరినవాళ్లు ఐదు నిమిషాలు సేద తీరతారు. చివరి మనిషి రొప్పుతూ వచ్చి కాలు కింద పెట్టగానే "సరే, అందరూ వచ్చారు, పదండి" అంటాం. అందరికన్నా విశ్రాంతి కావలసిన మనిషికి ఒక్క గుక్క నీళ్లు తాగే వ్యవధి కూడా దక్కదు. ఇది ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. చేసిన ప్రతిసారీ ఎదురుచూశానన్న తృప్తితోనే బయలుదేరాను.

అందుకే వేగం ముందే చెప్పి బయలుదేరాలంటున్నాను. 25 అని ముందే అనుకుంటే 25లో వెళ్లడం ఎవరికీ చేసిన ఉపకారం కాదు, అది ఆ రోజు రైడ్. ఆ మిత్రురాలికి ఇదే చెప్పాను. ఒప్పుకుంది అనను, ఆలోచిస్తానంది.

మాట్లాడటం ఇష్టం లేనివాళ్లున్నారు కదా అని కూడా అడుగుతారు. ఉన్నారు, వాళ్లు మౌనంగా రావచ్చు. ఊపిరి ఉండి మాట్లాడకపోవడం వాళ్ల ఇష్టం.

ఈ ఆదివారం

ఈ ఆదివారం 25 అని అనుకుని బయలుదేరాం. మాట్లాడుకోవడానికైతే ఇంట్లో కూర్చోవచ్చన్న మిత్రుడూ వచ్చాడు. ఆయనకు ఆ వేగం కష్టంగానే ఉంది. రెండు మూడుసార్లు తెలియకుండానే ముందుకు వెళ్లిపోయి మళ్లీ ఆగాడు. నేను చివర్లో, రెండోసారి వచ్చిన కుర్రాడి పక్కన ఉన్నాను. అతని చైను ప్రతి నాలుగైదు తొక్కుళ్లకూ గేర్ల మీద ఎగురుతోంది. గేరు మార్చే డిరెయిలర్ కేబుల్ వదులైందేమో, సర్దే మర సగం చుట్టు తిప్పి చూడు అన్నాను. తిప్పాడు, చప్పుడు తగ్గింది. దాని మీద కాసేపు మాట్లాడుకున్నాం.

చిన్న ఎత్తు మొదలైంది. "అసలు నేను సైకిల్ ఎందుకు కొన్నానంటే అన్నా, మా నాన్న పోయినప్పటి నుంచి..." అని, ఊపిరి అందక ఆగాడు. నేను గేరు ఒకటి తగ్గించాను. ముందున్న జత కూడా, అడగకుండానే, కాస్త తగ్గింది. ఇద్దరం ఏమీ మాట్లాడకుండా ఎత్తు ఎక్కాం. పైకి వచ్చాక అతను ఒక గుక్క నీళ్లు తాగి, వాక్యంలో మిగిలిన సగం చెప్పాడు.